పద్దెనిమిది దాటాక దోస్తులు ఎక్కడ దొరుకుతారు?

(హైదరాబాద్‌లో జరిగిన ఒక తల్లిదండ్రుల సమావేశంలో, వైకల్యం ఉన్న యువతీయువకుల కోసం సోషల్ స్కిల్స్ (నలుగురితో కలిసి మెలగటం) గ్రూప్ నడుపుతున్న ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతారని భయం కదా? అడుగుతాను. కానీ వెనక వరసనీ వదలను, కాబట్టి వచ్చి కూర్చోండి.

మొదటి ప్రశ్న. పోయిన వారంలో మీ అబ్బాయికో అమ్మాయికో ఎవరైనా ఫోన్ చేశారా? మీకు కాదు, వాళ్ళకి. చుట్టాలు లెక్కలోకి రారు. థెరపిస్టు లెక్కలోకి రారు. ట్యూషన్ సారూ రారు. ఊరికే, "ఏం చేస్తున్నావ్ రా" అని అడగటానికి ఫోన్ చేసినవాళ్ళు. చేతులెత్తండి. ఒకటి... రెండు... ఆ మూడో చెయ్యి సగమే లేచింది, ఏంటమ్మా? కజినా? కజిన్ చుట్టమే కదమ్మా. దింపెయ్యండి.

మిమ్మల్ని చిన్నబుచ్చటానికి అడగలేదు. ఈ ప్రశ్న ఎక్కడ అడిగినా లేచే చేతులు ఇన్నే. మీ పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మీరు పడ్డ తిప్పలు నాకు తెలుసు. స్పీచ్ థెరపీ ఒక చోట, ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ, ఇంకో చోట, మధ్యలో ఆటోలో టిఫిన్ డబ్బా. ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే చిన్న వయసులోనే థెరపీ మొదలుపెట్టటం, ఆ మాట ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. మరి ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక? సెంటర్లలో కుర్చీలన్నీ చిన్న పిల్లల కుర్చీలే. మీసాలొచ్చిన అబ్బాయి వాటిలో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటాడు. కొన్నాళ్ళకి వాడే రానంటాడు. రానన్నందుకు నేనైతే వాణ్ణి మెచ్చుకుంటాను.

చట్టం సంగతి పొద్దున లాయర్ గారు వివరంగా చెప్పారు, నేను మళ్ళీ చెప్పను. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక గుర్తించిన వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి. బెంచ్‌మార్క్ వైకల్యం, అంటే 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం, ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. 18 దాటాక గార్డియన్‌షిప్ ఉంది, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. 29వ సెక్షన్‌లో సంస్కృతి, వినోదం గురించి కూడా రాశారు. బాగుంది. కానీ ఆదివారం సాయంత్రం మీవాడితో కలిసి చాయ్ తాగేదెవరు? అది ఏ సెక్షన్‌లో ఉంది? అక్కడే మన పని మొదలవుతుంది.

ఇప్పుడు సోషల్ స్కిల్స్ అంటే మనం ఏం నేర్పుతున్నాం? కళ్ళల్లోకి చూడు. చెయ్యి చాపు. "హలో, మై నేమ్ ఈజ్" అను. ఇవే కదా? ఒకబ్బాయికి ఇది ఎంత బాగా నేర్పారంటే, పెళ్ళికి వెళ్ళి పెళ్ళికూతురి దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. వాళ్ళ నాయనమ్మకి కూడా. ఆవిడ పేరు అడిగాడు. సొంత నాయనమ్మని! నవ్వకండి, వాడు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాడు. నేర్పినవాళ్ళనే అడగాలి మనం, మన ఇళ్ళల్లో పెళ్ళికి వెళ్ళి ఎవరు అలా చేస్తారని.

అమెరికాలో యూసీఎల్ఏ యూనివర్సిటీలో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ అని ఇద్దరు కలిసి సోషల్ స్కిల్స్ నేర్పటానికి పీర్స్ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. వారానికోసారి, గంటన్నర క్లాసు. యువకులకైతే 16 వారాలు. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. పెద్దవాళ్ళు ఏం చెయ్యమంటారో అది నేర్పకుండా, అందరితో కలిసిపోయే పిల్లలు నిజంగా ఏం చేస్తారో చూసి అది నేర్పుతారు. ఉదాహరణకి, నలుగురు మాట్లాడుకుంటున్నారు, మీవాడు వెళ్ళి కలవాలి. మనం ఏం చెప్తాం? "వెళ్ళి హాయ్ చెప్పి నీ పేరు చెప్పు నాన్నా" అంటాం. ఏ కుర్రాడైనా అలా చేస్తాడా? చేస్తే ఆ నలుగురూ వాణ్ణి ఎగాదిగా చూస్తారు. మామూలుగా ఏం చేస్తారు? కాస్త దగ్గర్లో నిలబడతారు. ఏం మాట్లాడుకుంటున్నారో వింటారు. గ్యాప్ దొరికితే ఆ విషయం మీదే ఒక మాట అంటారు. అంతే.

మన దగ్గర దీనికి ఇంకా సులువు దారి ఉంది. ఐపీఎల్ రోజుల్లో నలుగురు కుర్రాళ్ళు ఒకే ఫోన్‌లో మ్యాచ్ చూస్తుంటారు. ఐదోవాడు వచ్చి భుజం మీదుగా తొంగిచూసి "స్కోరెంత?" అంటాడు. పేరు చెప్పాడా? లేదు. చెయ్యి కలిపాడా? లేదు. కళ్ళల్లోకి చూశాడా? అందరి కళ్ళూ ఫోన్‌లోనే ఉన్నాయి, ఎవరి కళ్ళల్లోకి చూస్తాడు! కానీ గుంపులోకి వచ్చేశాడు. మా గ్రూపులో ఈ "స్కోరెంత"ని ప్రాక్టీస్ చేయిస్తాం. ఎక్కడ నిలబడాలి, ఎంత దగ్గరగా, ఎప్పుడు అడగాలి. బాల్ పడేటప్పుడు అడక్కూడదు. ఓవర్ అయిపోయాక అడగాలి. చిన్న విషయం అనిపిస్తుంది కానీ, ఒకబ్బాయికి ఇది పట్టుబడటానికి చాలా వారాలు పట్టింది.

అయితే ఆ పీర్స్ ప్రోగ్రామ్ తెచ్చి ఇక్కడ యథాతథంగా పెడితే కుదరదు. ఒకటి, అది మాట బాగా వచ్చినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసింది. రెండు, మన పద్ధతులు వేరు. చుట్టాలింటికి వెళ్తే కాఫీ అడుగుతారు. మొదటిసారి వద్దండి అంటాం. రెండోసారి "ఎందుకండీ శ్రమ" అంటాం. మూడోసారి తీసుకుంటాం. ఇది ఎవరు రాశారు? ఎక్కడ రాశారు? మీ అమ్మాయి మొదటిసారే "తాగుతాను, చక్కెర రెండు స్పూన్లు" అంటుంది. నన్నడిగితే తనే కరెక్టు. కానీ మన లోకం ఎలా నడుస్తుందో తనకి తెలియాలి, తెలిశాక తన ఇష్టం.

పిలుపులు ఇంకో తలనొప్పి. ఆటో అతన్ని అన్నా అనాలి, బ్యాంకులో సార్ అనాలి. స్కూల్లో నేర్పిందేమో, పెద్దవాళ్ళంటే అంకుల్, ఆంటీ. మా గ్రూపులో 19 ఏళ్ళ అమ్మాయి, తన కంటే మూడేళ్ళు పెద్దదాన్ని పట్టుకుని ఆంటీ అంది. "ఏయ్, ఆంటీ అంటే ఊరుకోను, అక్కా అను!" అని ఆ పిల్ల అరిచింది. అందరూ నవ్వారు, ఇదీ నవ్వింది. మళ్ళీ అనలేదు. నేను ఫ్లాష్‌కార్డులు పెట్టుకుని నెలల తరబడి చెప్పినా ఆ పని అయ్యేది కాదు. ఈడువాళ్ళు చెప్తే ఎక్కుతుంది, మనం చెప్తే ఎక్కదు. మీ మిగతా పిల్లలూ అంతే కదా?

సరే, అసలు విషయానికి వస్తాను. సోషల్ స్కిల్స్ గ్రూప్ అని బోర్డు పెట్టి, మాట్లాడటం కష్టమైన ఎనిమిది మందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒకరితో ఒకరు మాట్లాడండి అంటున్నాం. బయట లోకంలో వాళ్ళు ఎవరితో మాట్లాడాలో వాళ్ళు ఆ గదిలో ఒక్కరైనా ఉన్నారా? లేరు.

బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అని ఒక సోషియాలజిస్టు ఉన్నారు. ఆయనకీ ఆటిజం ఉంది. 2012లో ఆయన ఒక వ్యాసం రాశారు. దాంట్లో ఆయన అనేది ఇది: ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మనసు అర్థం కాదని మీరంటున్నారు, మరి మీకు మా మనసు అర్థమవుతోందా? అడ్డం పడుతున్నది రెండు వైపులా కదా? దానికి డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్ అని పేరు పెట్టారు. అది చదివాక నాకు అనిపించింది, గొడవ రెండు వైపులా ఉంటే ట్రైనింగు ఒక్క వైపే ఎందుకిస్తున్నాం అని.

అందుకే మా గ్రూపులో దాదాపు సగం మంది ఏ వైకల్యమూ లేని పిల్లలు. వాళ్ళూ నేర్చుకుంటారు. ఏం నేర్చుకుంటారు? సెరిబ్రల్ పాల్సీ ఉన్న అబ్బాయికి ఒక వాక్యం పూర్తి చెయ్యటానికి టైమ్ పడుతుంది. మధ్యలో అందుకుని "ఓ, సినిమాకి వెళ్దామంటున్నావా?" అని పూర్తి చెయ్యకూడదు. ఆగాలి. ఆగటం ఎంత కష్టమో మీరు ఇంటికెళ్ళి చూడండి. వినిపించని అమ్మాయితో అటు తిరిగి మాట్లాడకూడదు. ఇంకొకడు ట్రైన్ల గురించి మొదలెడితే ఆపడు, సికింద్రాబాద్ నుంచి బయల్దేరే ప్రతి బండి నంబరూ వాడికి నోటికొచ్చు. బోర్ కొడితే మామూలుగా మనమేం చేస్తాం? ఆవులిస్తాం, ఫోన్ చూస్తాం, వాచీ చూస్తాం. వాడికి ఆ సైగలు అందవు. "రేయ్, ట్రైన్లు చాలు, వేరేది మాట్లాడదాం" అని నోటితో చెప్పాలి. చెప్తే ఆపేస్తాడు, బాధపడడు కూడా. సైగలు చేసి, అర్థం కాలేదని వాణ్ణి తప్పుపట్టేది మనం.

ఇంకో మాట. చేతులు ఊపటం, ఊగటం, ఇవి మాన్పించమని నన్ను అడగకండి. ఎవరికి నష్టం దానివల్ల? రోజంతా దాన్ని బిగబట్టుకుని మామూలుగా కనిపించటానికి వాళ్ళు పడే అలసట మీకు సాయంత్రం ఇంట్లో కనిపిస్తుంది. వచ్చీ రాగానే గది తలుపేసుకుంటారు చూడండి, అదే.

ఇక వాలంటీర్లు. ఇది చెప్తే కొంతమందికి కోపం రావచ్చు, ఇక్కడ కాలేజీ వాళ్ళు కూడా ఉన్నారు. డిసెంబర్ 3 వచ్చిందంటే, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం కదా, మాకు ఫోన్లే ఫోన్లు. కేక్ తెస్తాం మేడమ్, గిఫ్టులు తెస్తాం మేడమ్, ఒక గంట గడుపుతాం మేడమ్. వస్తారు, కేక్ కోయిస్తారు, ఇరవై ఏళ్ళ మగపిల్లాడి నోట్లో కేక్ పెట్టి బుగ్గ గిల్లి ఫొటో దిగుతారు. వెళ్ళిపోతారు. మర్నాడు మీవాడు అడుగుతాడు, "నిన్నటి అన్న ఎప్పుడొస్తాడు?" ఏం చెప్తారు మీరు?

అందుకే మా దగ్గర సర్టిఫికెట్ ఇవ్వం. సర్టిఫికెట్ కావాలంటే ఇక్కడికి రావద్దని మొదటే చెప్పేస్తాం. చాలామంది మళ్ళీ కనపడరు, మంచిదే. వచ్చేవాళ్ళెవరు? మా పిల్లల అన్నదమ్ములు, వాళ్ళ ఫ్రెండ్స్, అదే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు, డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ ఆదివారం కాస్త ఊపిరి తీసుకుందామని వచ్చేవాళ్ళు. చాయ్ డబ్బులు అందరూ వేసుకోవాలి. కుర్చీలు అందరూ సర్దాలి. కొందరు సాయం చేసేవాళ్ళు, కొందరు సాయం పొందేవాళ్ళు అని లేదు. ఆలస్యంగా వస్తే అందరికీ అక్షింతలు పడతాయి.

స్పెషల్ ఒలింపిక్స్ పేరు విన్నారు కదా, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ ఆటల పోటీలు, 1968లో యూనిస్ కెనడీ ష్రైవర్ మొదలుపెట్టింది. మన దేశంలో స్పెషల్ ఒలింపిక్స్ భారత్ ఉంది. వాళ్ళకి యూనిఫైడ్ స్పోర్ట్స్ అని ఒక పద్ధతి ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే టీమ్. లేనివాళ్ళని పార్ట్‌నర్ అంటారు. ఆ పార్ట్‌నర్ బాల్ పట్టుకుని ఆటంతా తనే ఆడేయకూడదు, వయసులో, ఆటలో దగ్గరదగ్గరగా ఉన్నవాళ్ళనే కలపాలి అని నియమాలున్నాయి. ఈ రెండూ మాకు చాలా పనికొచ్చాయి. వయసు కలవాలి. నలభై ఏళ్ళ దయగల ఆంటీ వచ్చి మీ అబ్బాయితో కూర్చుంటే అది స్నేహం కాదు, అది ఇంకో టీచరు. ఆంటీ అన్నానని ఏమీ అనుకోకండి, నేనూ ఆ వయసుదాన్నే.

మేం క్లాసు చెప్పం. ఏదో ఒక పని చేస్తాం. క్యారమ్స్ చాలా మంచిది. నలుగురు, వంతులు, మాట ఎక్కువ అక్కర్లేదు, అందరి చూపూ బోర్డు మీద. మాట అసలు రానివాళ్ళు కూడా రెడ్ కొట్టి కాలర్ ఎగరేస్తారు. కొంతమందికి గుంపు పడదు, అలాంటివాళ్ళకి ఇద్దరుంటే అదే గ్రూపు. బలవంతం చెయ్యం.

ఒక రోజు టిఫిన్ సెంటర్‌కి వెళ్ళాం. డౌన్ సిండ్రోమ్ ఉన్న అబ్బాయి డబ్బు కట్టి టోకెన్ తీసుకున్నాడు. కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. వాడికి స్కూల్లో బాగా నేర్పారు, లైన్‌లో నిలబడు, నీ వంతు వచ్చేదాకా ఆగు అని. నిలబడ్డాడు. పక్కనుంచి ఒకాయన చెయ్యి పెట్టి ఇడ్లీ పట్టుకెళ్ళాడు. ఇంకొకాయన వడ పట్టుకెళ్ళాడు. వీడు జరిగి దారి కూడా ఇస్తున్నాడు. మా గ్రూపులో ఒకడు లేచాడు, నేను తెచ్చిస్తానని. కూర్చోరా అన్నాను. అప్పుడు ఇంకో పిల్ల, తనకి లెర్నింగ్ డిజెబిలిటీ, వాడి పక్కకి వెళ్ళి నిలబడి చెప్పింది: "ఇక్కడ లైన్ లేదు. టోకెన్ చేతిలో దాచుకుంటే ఎలా కనిపిస్తుంది? చెయ్యి లోపలికి పెట్టు. అన్నా ఉప్మా పెసరట్టు అని గట్టిగా అరువు." వాడు ఒకసారి మెల్లగా అన్నాడు. వినపడలేదు. రెండోసారి అరిచాడు. కౌంటర్ అతను టోకెన్ లాక్కుని స్టీలు కడ్డీకి గుచ్చి "ఒక ఉప్మా పెసరట్టూ!" అని లోపలికి కేకేశాడు. వీడు మా అందరి వైపు తిరిగి చూశాడు. పెసరట్టు వచ్చింది, అల్లం చట్నీ కూడా వాడే అడిగి వేయించుకున్నాడు. వాళ్ళ అమ్మకి ఫోన్‌లో చెప్తే నమ్మలేదు. మర్యాదగా ఆగమని మాత్రమే నేర్పితే మన ఊళ్ళో మధ్యాహ్నం భోజనం టైమ్ దాకా ఆగాల్సిందే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అరవాలో రెండూ తెలియాలి.

ఆడపిల్లల గురించి. వాళ్ళు మా గ్రూపులో తక్కువ. పంపరు మీరు. భయం అర్థం చేసుకోగలను. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ కదా, జీరో టికెట్ తీసుకోవటం మా అమ్మాయిల మొదటి పాఠం. ఆధార్ తియ్యి, కండక్టర్‌కి చూపించు, ఎక్కడ దిగుతావో చెప్పు, టికెట్ తీసుకో. ఫ్రీయే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోకూడదు. అదొక పూర్తి సంభాషణ, అపరిచితుడితో, కదులుతున్న బస్సులో. మొదట ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తారు.

మీ భయానికి అసలు మందు ఇంకోటి. మన పిల్లలకి చిన్నప్పట్నుంచీ ఏం నేర్పాం? చెప్పినట్టు విను. కూర్చోమంటే కూర్చో. చెయ్యి ఇమ్మంటే ఇయ్యి. ఎవరు చెప్పినా వినే పిల్లని తయారుచేసి, ఇప్పుడు బయటికి పంపటానికి భయపడుతున్నాం. మా గ్రూపులో వద్దు అనటం ప్రాక్టీస్ చేయిస్తాం. "నా బ్యాగు మొయ్యవా?" మొయ్యను. "నీ ఫోన్ ఇవ్వు, ఒక కాల్ చేస్కుంటా." ఇవ్వను. "హగ్ ఇవ్వు." వద్దు. నేను అడిగినా వద్దు అనాలి. మొదట్లో నాతో అనటానికి నోరు రాదు, మేడమ్ కదా. వచ్చాక, అమ్మో, ఇంక ప్రతిదానికీ వద్దే. ఇంటికొచ్చి మీతో కూడా అంటారు. అప్పుడు నాకు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యకండి.

మగపిల్లలకి ఫోన్ గొడవ. ఒక అమ్మాయి నవ్వి మాట్లాడితే ఆ రాత్రి హాయ్, హాయ్, హాయ్, ఏం చేస్తున్నావ్, తిన్నావా, హాయ్. వాడి మనసులో చెడు లేదు. ఆ పిల్లకి మాత్రం భయమేస్తుంది. ఇందాక చెప్పిన పీర్స్‌లో దీనికి చక్కటి లెక్క ఉంది: జవాబు రాకపోతే వరసగా రెండు మెసేజీలకి మించి పెట్టకూడదు. లెక్క కాబట్టి మావాళ్ళు పాటిస్తారు. "మరీ ఎక్కువ పెట్టకు" అంటే ఎవరికి అర్థమవుతుంది?

డబ్బు కూడా. మీవాడికి కొత్త దోస్తు దొరికాడని సంబరపడతారు. బిర్యానీ బిల్లు ప్రతిసారీ ఎవరు ఫోన్‌పే చేస్తున్నారో చూడండి. మీవాడే అయితే అది స్నేహం కాదని వాడికి తెలియాలి. "ఈసారి నువ్వు కట్టు" అనటం కూడా మేం నేర్పుతాం.

ఇక మీ వంతు. పీర్స్‌లో తల్లిదండ్రులకి అదే టైమ్‌లో పక్క గదిలో క్లాసు జరుగుతుంది. మా దగ్గర పక్క గది లేదు, కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి తొంగిచూస్తారు మీరు. నేను వాణ్ణి అడుగుతాను, "నిన్న ఏ సినిమా చూశావ్?" కిటికీలోంచి అమ్మ గొంతు జవాబు చెప్తుంది. అమ్మా, ఆ సినిమా మీరూ చూశారని నాకు తెలుసు. వాడు చెప్పేదాకా ఆగండి. మీరు వెళ్ళి చాయ్ తాగండి, నాన్నల్ని కూడా తీసుకెళ్ళండి. అసలు నాన్నలు వస్తే.

ఇది పెట్టటానికి బిల్డింగ్ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్, స్కూల్ వరండా, పార్కు, ఏదైనా చాలు. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు మీ మండలంలో భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సెంటర్, అక్కడి టీచర్‌ని కలవండి, ఏ ఇంట్లో ఏ వయసు పిల్లలున్నారో వాళ్ళకి తెలుస్తుంది. ఇక్కడ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. అసెస్‌మెంట్‌కీ, ట్రైనింగ్‌కీ అక్కడికి వెళ్ళండి. గ్రూపు మాత్రం మీ గల్లీలోనే పెట్టుకోండి. గంట ప్రయాణం చేసి కలుసుకునేవాళ్ళు ఆదివారం దోస్తులే, బుధవారం రాత్రి ఏమీ తోచనప్పుడు రారు.

చివరిగా ఒకటి. మా గ్రూపులో ఇద్దరబ్బాయిలు బాగా కలిసి తిరిగేవాళ్ళు, ఒకడికి ఆటిజం, ఇంకొకడికి ఏమీ లేదు. క్యారమ్స్‌లో చీటింగ్ చేశావని కొట్లాడుకుని మాటలు మానేశారు. ఒక అమ్మ నాకు ఫోన్ చేసింది, ఎలాగైనా సర్దిచెప్పండి మేడమ్, వాడికి ఉన్నదే ఒక్క ఫ్రెండు అని. నేను అడిగాను, మీరు చిన్నప్పుడు దోస్తుతో కటీఫ్ అయితే మీ అమ్మ వాళ్ళింటికి వెళ్ళి రాజీ చేసిందా? "వాళ్ళ పిల్లాడు పెద్దమనసు చేసుకోవాలి కదా మేడమ్, మావాడి సంగతి తెలుసు కదా" అంది. అదే నేను వద్దనేది. చీటింగ్ చేస్తే చీటింగే. వైకల్యం ఉందని ఊరుకుంటే అది దోస్తీ ఎలా అవుతుంది? ఆటిజం ఉన్నవాడే చీటింగ్ చేశాడు, నేను చూశాను. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా అంటే, లేదు. ఇద్దరూ వస్తున్నారు, వేరే వేరే బోర్డుల దగ్గర ఆడుతున్నారు.

టైమ్ అయిపోయిందని నిర్వాహకులు చీటీ పంపారు. ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర నీలం చొక్కా సారు ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తే ఉంచారు. మైకు అటు ఇవ్వండి. సార్, ఒక్క మాట, మీ పక్కన కూర్చున్నది మీ అమ్మాయే కదా? ప్రశ్న మీదా, తనదా? తనదైతే మైకు తనకే ఇవ్వండి.